జనగణమన, మదనపల్లె: ఏది ఎక్కడ జరిగింది?

ఆగస్టు 15, జనవరి 26 వచ్చాయంటే తిరుపతి, చిత్తూరు, మదనపల్లె బడుల్లో జెండా వందనం తర్వాత ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది. జనగణమన మన గడ్డమీదే పుట్టిందని వక్తలు గర్వంగా చెబుతారు. రవీంద్రనాథ్ ఠాగూర్ మదనపల్లెలో కూర్చుని ఆ పాట రాశారని ఒకరంటారు. రాసింది కలకత్తాలోనే, బాణీ మాత్రం ఇక్కడ కట్టారని ఇంకొకరు సవరిస్తారు. అదే రోజు సాయంత్రానికి ఫోన్లలో మరో కథ తిరుగుతుంది: అది ఐదో జార్జి చక్రవర్తిని పొగుడుతూ రాసిన పాట అని. పిల్లలు ఈ మూడూ విని, ఏది నమ్మాలో తెలియక ఊరుకుంటారు.

ఈ చిక్కుకు కారణం ఉంది. పాట రాయడం, దాన్ని మొదటిసారి జనం ముందు పాడడం, ఇంగ్లీషులోకి మార్చి స్వరాలు కాగితం మీద పెట్టడం, దేశం దాన్ని తన గీతంగా ప్రకటించడం ఒకే రోజున ఒకే చోట జరిగిన పనులు కావు. మొదటి దానికీ చివరి దానికీ మధ్య 38 ఏళ్లు గడిచాయి. మన ప్రాంతం ఆ దారిలో ఒక చోట నిజంగానే ఉంది. ఆ చోటేమిటో సరిగ్గా చెప్పుకుంటే దాని గౌరవం ఏమాత్రం తగ్గదు.

1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడింది. ఉత్తర ఆర్కాటు నుంచి కొన్ని తాలూకాలు, కడప నుంచి మదనపల్లె, వాయల్పాడు తెచ్చి కలిపారు. అదే ఏడాది డిసెంబరు 27న కలకత్తాలో కాంగ్రెస్ మహాసభ రెండో రోజు సమావేశం జనగణమనతో మొదలైంది. ఆ పాట బహిరంగంగా వినిపించడం అదే మొదటిసారి. ఆ నాటికి ఠాగూర్‌కు నోబెల్ బహుమతి రాలేదు, బెంగాల్ బయట ఆయన పేరు తెలిసినవారు తక్కువ. తర్వాతి నెలలో, అంటే 1912 జనవరిలో, ఆ గీతం బ్రహ్మసమాజం వారి తత్త్వబోధినీ పత్రికలో అచ్చయింది. అక్కడ దాన్ని ఒక బ్రహ్మసంగీతంగా, అంటే భక్తిగీతంగా పరిచయం చేశారు. మొత్తం ఐదు చరణాలు. మనం నేడు పాడేది మొదటిది మాత్రమే.

కాబట్టి మదనపల్లెలో రాశారన్న మాట నిలవదు. ఠాగూర్ అక్కడికి వచ్చేసరికి పాటకు ఏడేళ్లు దాటాయి. బాణీ కూడా అప్పటికే ఉంది. బాణీ లేకుండా కలకత్తా సభలో బృందం ఎలా పాడుతుంది? ఠాగూర్ తన పాటలకు తానే బాణీ కట్టుకునే మనిషి కూడా.

ఇక చక్రవర్తి సంగతి. దీన్ని కొంచెం నిదానంగా చూడాలి, ఎందుకంటే ఈ అపవాదు గాలిలోంచి పుట్టలేదు. 1911 డిసెంబరు 12న ఢిల్లీలో దర్బారు జరిగింది. ఐదో జార్జి స్వయంగా వచ్చి రెండు ప్రకటనలు చేశాడు: 1905లో చేసిన బెంగాల్ విభజన రద్దవుతుందని, రాజధాని కలకత్తా నుంచి ఢిల్లీకి మారుతుందని. ఆరేళ్లుగా విభజన మీద పోరాడిన బెంగాలీలకు మొదటిది పెద్ద ఊరట. ఆనాటి కాంగ్రెస్ మితవాదుల చేతుల్లో ఉంది. సంపూర్ణ స్వాతంత్ర్యం అన్న తీర్మానం రావడానికి ఇంకా 18 ఏళ్లు పడుతుంది. అందుకే డిసెంబరు 27 సభలో చక్రవర్తికి కృతజ్ఞతలు, స్వాగతం చెప్పే తీర్మానం కార్యక్రమంలో ఉంది. ఆ సందర్భానికని రాంభుజ్ చౌధురి రాసిన హిందీ పాట ఒకటి పాడారు. చక్రవర్తిని నిజంగా పొగిడిన పాట అదే.

ఒకే సభ, ఒకే రోజు, రెండు పాటలు. కలకత్తాలోని ఆంగ్లో ఇండియన్ పత్రికలు మరునాడు ఈ రెండింటినీ కలిపేశాయి. చక్రవర్తికి స్వాగతంగా ఠాగూర్ రాసిన పాట పాడారని స్టేట్స్‌మన్, ఇంగ్లీష్‌మన్ రాశాయి. భారతీయుల సంపాదకత్వంలో వచ్చే బెంగాలీ వంటి పత్రికలు మాత్రం దేశభక్తి గీతంతో సభ మొదలైందని, తర్వాత చక్రవర్తిని గౌరవించే పాట వేరుగా పాడారని తేడా చూపించాయి. తప్పుడు వార్త ఇంగ్లీషులో ఉంది, విదేశాలకు కూడా వెళ్లింది. అందుకే అది ఎక్కువ కాలం బతికింది. నేడు ఫోన్లలో తిరిగే సందేశాలకు మూలం ఆ 1911 నాటి వార్తలే.

ఠాగూర్ దీనికి జవాబు చెప్పారా? చెప్పారు, కాని చాలా ఆలస్యంగా. 1937 నవంబరులో పులిన్ బిహారీ సేన్‌కు రాసిన ఉత్తరంలో జరిగింది వివరించారు. ప్రభుత్వ ఉన్నతోద్యోగంలో ఉన్న ఒక మిత్రుడు చక్రవర్తి మీద పాట రాయమని అడిగాడట. ఆ కోరిక వినగానే ఆశ్చర్యం, దానితోపాటు కోపం కలిగాయట. ఆ కలతలోంచే, యుగయుగాలుగా భారతదేశపు రథాన్ని నడుపుతున్న భాగ్యవిధాతకు జయం పలుకుతూ ఈ గీతం రాశానన్నారు. ఆ సారథి ఐదో జార్జి గాని, ఆరో జార్జి గాని, మరే జార్జి గాని కాలేడని స్పష్టంగా చెప్పారు.

ఇరవై ఆరేళ్ల తర్వాత రాసిన ఉత్తరం కదా, అనుమానం ఉండకూడదా అని ఎవరైనా అడగవచ్చు. అడగడం తప్పు కాదు. అలాంటివారు మిగతా నాలుగు చరణాలు చదివితే చాలు. రెండో చరణం హిందూ, బౌద్ధ, సిక్కు, జైన, పారశీక, ముసల్మాను, క్రైస్తవుల పేర్లు చెప్పి అందరినీ ఒక సింహాసనం దగ్గరికి పిలుస్తుంది. మూడో చరణంలో పడుతూ లేస్తూ సాగే బాటలో యుగయుగాల యాత్రికులు నడుస్తుంటే రథం నడిపే చిరసారథి కనిపిస్తాడు. నాలుగో చరణంలో అదే భాగ్యవిధాతను, చీకటి రాత్రి పీడకలల్లో బిడ్డను ఒడిలోకి తీసుకున్న స్నేహమయి అయిన తల్లిగా కవి సంబోధిస్తాడు. బతికున్న ఒక రాజును చిరసారథి అని, తల్లి అని పిలిచే ఆస్థాన గీతం ఎక్కడైనా ఉంటుందా? నా మట్టుకు ఈ నాలుగో చరణమే అన్ని ఉత్తరాలకన్నా బలమైన సాక్ష్యం. మన బడుల్లో ఏడాదికి ఒక్కసారైనా ఐదు చరణాలూ చదివించాలి. భాష బెంగాలీయే అయినా సంస్కృత పదాలతో నిండినది కనుక తెలుగు పిల్లలకు సగానికి పైగా తేలికగానే అర్థమవుతుంది.

తర్వాత 1917 డిసెంబరులో మళ్లీ కలకత్తాలోనే కాంగ్రెస్ మహాసభ జరిగింది. అప్పుడు కూడా ఈ పాట పాడారు. దాని తర్వాత మాట్లాడిన చిత్తరంజన్ దాస్ అది భారతదేశపు విజయాన్ని కీర్తించే పాట అన్నారు. ఆ సభకు అధ్యక్షురాలు అనీబిసెంట్. ఇక్కడినుంచి దారి మన వైపు మళ్లుతుంది, ఎందుకంటే 1915లో మదనపల్లెలో దివ్యజ్ఞాన సమాజం (థియొసాఫికల్ సొసైటీ) తరఫున కళాశాల పెట్టించింది ఆమే. నేడు అందరూ బీటీ కాలేజీ అని పిలిచేది దాన్నే. జిడ్డు కృష్ణమూర్తి పుట్టిన ఊరు కావడంతో మదనపల్లెకూ ఆ సమాజానికీ అప్పటికే బంధం ఉంది.

1919లో ఆ కళాశాలకు ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్. ఐర్లండ్ కవి. మద్రాసులో అనీబిసెంట్ నడిపిన న్యూ ఇండియా పత్రికలో పనిచేసేవాడు. 1916లో డబ్లిన్‌లో బ్రిటిష్ వారి మీద జరిగిన తిరుగుబాటును మెచ్చుకుంటూ వ్యాసం రాసినందుకు ఆ ఉద్యోగం పోయింది, మదనపల్లెలో పాఠాలు చెప్పే పని దొరికింది. ఆయన భార్య మార్గరెట్ సంగీతం చదువుకున్న మనిషి. ఐర్లండ్‌లో స్త్రీల ఓటుహక్కు కోసం పోరాడి జైలుకు వెళ్లివచ్చింది. ఇక్కడ కూడా 1917లో స్త్రీలకు ఓటుహక్కు కావాలని భారత వ్యవహారాలు చూసే బ్రిటిష్ మంత్రి మాంటేగును కలిసిన ప్రతినిధి బృందాన్ని కూడగట్టింది ఆమే, సరోజినీ నాయుడు ఆ బృందానికి నాయకురాలు. బ్రిటిష్ పాలనను పుట్టిన దేశంలోనే ఎదిరించి వచ్చిన దంపతులు వీరిద్దరూ. ఆ పాట వారి చెవిన పడడం నాకు గొప్ప యోగంగా అనిపిస్తుంది.

1919 తొలి నెలల్లో దక్షిణాదిలో పర్యటిస్తూ ఠాగూర్ ఫిబ్రవరి చివర మదనపల్లె వచ్చి కొన్ని రోజులున్నారు. కళాశాలలో రాత్రి భోజనాల తర్వాత విద్యార్థులు, అధ్యాపకులు కూడి పాటలు పాడుకునే అలవాటు ఉండేది. ఒక రాత్రి ఠాగూర్ తానూ ఒక పాట పాడతానన్నారు. ఆ దృశ్యాన్ని కజిన్స్ దంపతులు తమ ఆత్మకథలో రాసుకున్నారు. అంత పెద్ద మనిషికి గొంతు అంత సన్నగా ఉంటుందని ఎవరూ అనుకోలేదట. మొదటి చరణం దేశాల, కొండల, నదుల పేర్ల జాబితాలా, రెండోది మతాల జాబితాలా వినిపించిందట. కాని పల్లవి వచ్చేసరికి అందరూ చెవులు రిక్కించారు. మళ్లీ మళ్లీ పాడించుకున్నారు. కాసేపటికి ‘జయహే’ దగ్గర హాలంతా గొంతు కలిపింది. ఆ పాట ఏమిటో, దాని అర్థమేమిటో ఆ క్షణాన అక్కడ ఎవరికీ తెలియదు.

ఆ పాటకు అర్థం కావాలని అడిగితే ఠాగూర్ ఇంగ్లీషులో రాసి ఇచ్చారు. ఆయన చేతిరాతలో ఉన్న ఆ ప్రతి మీద మదనపల్లె పేరు, 1919 ఫిబ్రవరి 28 తేదీ కనిపిస్తాయి. పేరు ‘ది మార్నింగ్ సాంగ్ ఆఫ్ ఇండియా’ అని పెట్టారు. మార్గరెట్ కజిన్స్ ఆయన దగ్గర కూర్చుని, ఆయన పాడిన తీరు జాగ్రత్తగా విని, పాశ్చాత్య సంగీత పద్ధతిలో స్వరాలు రాసుకుంది. ఆయనకు వినిపించి ఒప్పించుకుంది. ఆ తర్వాత కళాశాల ఆ పాటను తన ప్రార్థనగా తీసుకుంది. బాణీ ఇక్కడ కట్టారనడానికీ, స్వరాలు ఇక్కడ రాశారనడానికీ తేడా ఇదే. ఠాగూర్ బాణీని ఆమె పుట్టించలేదు. బెంగాల్ రానివారు కూడా, ఠాగూర్ గొంతు విననివారు కూడా చూసి పాడుకునేలా కాగితం మీదికి ఎక్కించింది.

ఈ పని చిన్నదని నేను అనుకోను. అప్పటిదాకా బెంగాల్‌లో, కాంగ్రెస్ సభల్లో వినిపించిన పాట మొదటిసారి తెలుగు, తమిళ, కన్నడ విద్యార్థులు రోజూ పాడే పాట అయింది మదనపల్లెలోనే. మొదటి చరణం ద్రావిడ అని పిలిచేది మనల్నే కదా. 1911లో ఆంధ్ర అనే రాష్ట్రం లేదు, అంతా మద్రాసు ప్రెసిడెన్సీ. బాపట్లలో తొలి ఆంధ్ర మహాసభ జరిగింది కూడా 1913లోనే. పాటలో తెలుగువారి పేరు లేదని బాధపడేవారు ఆ తేదీలు గుర్తుంచుకుంటే బాగుంటుంది.

మదనపల్లె వదిలి వెళ్లిన మూడు నెలలకు, జలియన్‌వాలాబాగ్ కాల్పులకు నిరసనగా, 1919 మే 31న ఠాగూర్ తన సర్ బిరుదు వద్దని వైస్రాయికి ఉత్తరం రాశారు.

1937లో వందేమాతరం మీద వివాదం ముదిరింది. బంకించంద్ర రాసిన ఆ గీతాన్ని 1896 కలకత్తా కాంగ్రెస్‌లో స్వయంగా పాడినవాడు ఠాగూరే. మన దగ్గర 1907లో రాజమండ్రి ట్రెయినింగ్ కాలేజీలో వందేమాతరం నినాదం కోసమే గాడిచర్ల హరిసర్వోత్తమరావును చదువు మాన్పించి పంపేశారు. అంతటి చరిత్ర ఉన్న పాట. కాని తర్వాతి చరణాల్లో దేశాన్ని దుర్గగా కొలవడం తమకు అభ్యంతరమని ముస్లిం లీగు అన్నది. ఠాగూర్ సలహా కూడా తీసుకుని 1937 అక్టోబరులో కాంగ్రెస్ కార్యవర్గం మొదటి రెండు చరణాలే పాడాలని నిర్ణయించింది. ఆ రోజుల్లోనే జేమ్స్ కజిన్స్ మద్రాసు పత్రికలో రాస్తూ, జనగణమననే జాతీయగీతంగా ఖాయం చేయాలని కోరాడు. మదనపల్లె నుంచి బయలుదేరిన పాట మీద ఆయనకు మమకారం ఎంతో ఆ మాట చెబుతుంది.

దేశం బయట ఆ పాటకు తొలి గౌరవం దక్కింది నేతాజీ వల్ల. 1942 సెప్టెంబరులో జర్మనీలోని హాంబర్గ్‌లో ఆయన ఏర్పాటు చేసిన సభలో వాద్యబృందం జనగణమన వాయించింది. 1943లో ఆజాద్ హింద్ ప్రభుత్వం అదే పాటను హిందుస్తానీలోకి మార్చుకుంది. ఆ మాటలు కూర్చిన ఇద్దరిలో ఒకరు హైదరాబాదు వాసి ఆబిద్ హసన్. కవాతుకు తగ్గట్టు బాణీని తీర్చింది రామ్‌సింగ్ ఠాకూరి. 1941 ఆగస్టులో కన్నుమూసిన ఠాగూర్ ఇవేవీ చూడలేదు.

స్వాతంత్ర్యం వచ్చింది, గీతం మాత్రం తేలలేదు. 1947 ఆగస్టు 14 అర్ధరాత్రి సమావేశం సుచేతా కృపలానీ పాడిన వందేమాతరంతో మొదలై, సారే జహాసే అచ్ఛా, జనగణమన తొలి పంక్తులతో ముగిసింది. మూడు పాటలకూ చోటు దొరికింది కాని ఏదీ అధికారిక గీతం కాలేదు. అంతకుముందు వరకు సైనిక బ్యాండ్లు వాయించింది బ్రిటిష్ రాజగీతం. ఇకమీదట ఏది వాయించాలి?

ఆ ఏడాదే న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సమావేశం సందర్భంగా వాద్యబృందం కోసం జాతీయగీతం ఇవ్వమని మన ప్రతినిధులను అడిగారు. వాళ్ల దగ్గర జనగణమన రికార్డు ఒకటి ఉంది. అదే ఇచ్చారు. బృందం సాధన చేసి వాయించింది. విన్న విదేశీ ప్రతినిధులు ఆ బాణీని ఎంతో మెచ్చుకుని స్వరాలు కావాలని అడిగారు. 1948 ఆగస్టు 25న నెహ్రూ రాజ్యాంగ సభలో ఈ సంగతంతా చెప్పారు. రాష్ట్రాల అభిప్రాయం అడిగితే మధ్య పరగణాల గవర్నరు తప్ప మిగతా గవర్నర్లంతా జనగణమనకే మొగ్గు చూపారని, అందుకే తాత్కాలికంగా దాన్నే వాడుతున్నామని వివరించారు. జాతీయగీతంలో మాటలున్నా అంతకన్నా ముఖ్యమైనది బాణీ అని, వందేమాతరం ఎంత గొప్పదైనా వాద్యబృందానికి అంతగా ఒదగడం లేదని ఆయన వాదన. దీన్ని అందరూ ఒప్పుకోలేదు. మాస్టర్ కృష్ణారావు ఫులంబ్రీకర్ వందేమాతరాన్ని బృందగానానికి అనువైన బాణీలో కట్టి సభ్యుల ముందు పాడి వినిపించారు. ఆయన తపన చూస్తే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

చివరికి నిర్ణయం ఎలా జరిగిందో చాలామందికి తెలియదు. ఓటింగు జరగలేదు, తీర్మానం పెట్టలేదు, రాజ్యాంగంలో ఒక అధికరణ రాయలేదు. 1950 జనవరి 24న రాజ్యాంగ సభ చివరి సమావేశంలో అధ్యక్షుడు రాజేంద్రప్రసాద్ లేచి ఒక ప్రకటన చదివారు. జనగణమన భారత జాతీయగీతమని, అవసరమైనప్పుడు ప్రభుత్వం అనుమతించే మార్పులకు లోబడి ఉంటుందని, స్వాతంత్ర్య పోరాటంలో చారిత్రక పాత్ర పోషించిన వందేమాతరానికి దానితో సమానమైన గౌరవం, స్థాయి ఉంటాయని అందులో ఉంది. సభ్యులు హర్షధ్వానాలు చేశారు. అదే ఆమోదం. ఆ రోజే ఆయన రాష్ట్రపతిగా ఎన్నికయ్యారు, సభ్యులు రాజ్యాంగ ప్రతుల మీద సంతకాలు చేశారు. పూర్ణిమా బెనర్జీ, మరికొందరు జనగణమన పాడారు. లక్ష్మీకాంత మైత్ర, మరికొందరు వందేమాతరం పాడారు. జేమ్స్, మార్గరెట్ కజిన్స్ ఇద్దరూ ఆనాటికి బతికే ఉన్నారు. ఆమె 1954లో, ఆయన 1956లో కన్నుమూశారు.

ముందు జనం పాడతారు, తర్వాతే ప్రభుత్వం ముద్ర వేస్తుంది. ఈ క్రమం తిరుపతివాసులకు కొత్త కాదు. మా తెలుగు తల్లికి మల్లెపూదండ రాసిన శంకరంబాడి సుందరాచారి తిరుపతిలోనే పుట్టాడు. సినిమా కోసం రాసిన ఆ పాట, టంగుటూరి సూర్యకుమారి గొంతులో గ్రామఫోను రికార్డుగా ఇంటింటికీ చేరింది. 1975లో ప్రపంచ తెలుగు మహాసభల కాలానికి రాష్ట్ర గీతమైంది.

రాజ్యాంగ పాఠంలోకి జాతీయగీతం ప్రస్తావన వచ్చింది 1976లో, 42వ సవరణ ద్వారా. ప్రాథమిక విధుల్లో మొదటిది రాజ్యాంగాన్ని, జెండాను, జాతీయగీతాన్ని గౌరవించడం. అంతకు ముందే 1971లో వచ్చిన చట్టం ప్రకారం గీతాలాపనను కావాలని అడ్డుకుంటే మూడేళ్ల వరకు జైలు పడవచ్చు. పూర్తిగా పాడడానికి సుమారు 52 సెకన్లు. కొన్ని సందర్భాలకు మొదటి, చివరి పంక్తులతో 20 సెకన్ల రూపం ఉంది. యునెస్కో మన గీతాన్ని ప్రపంచంలోకెల్లా ఉత్తమమైనదిగా ప్రకటించిందన్న సందేశం మాత్రం పచ్చి అబద్ధం. అలాంటి పోటీ ఏదీ ఆ సంస్థ పెట్టలేదు.

పాడకపోతే నేరమా అన్న ప్రశ్నకు సుప్రీంకోర్టు 1986లోనే జవాబిచ్చింది. కేరళలో యెహోవా సాక్షుల మతానికి చెందిన ముగ్గురు పిల్లలు గీతం పాడేటప్పుడు మర్యాదగా లేచి నిలబడేవారు, తమ విశ్వాసం ఒప్పుకోదని పాడేవారు కాదు. 1985లో బడి నుంచి వెళ్లగొట్టారు. ఆ తీర్పు రాసింది ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్లిన జస్టిస్ ఓ.చిన్నపరెడ్డి. నిలబడడమే గౌరవమని, పాడి తీరాలని ఏ చట్టమూ చెప్పలేదని అంటూ పిల్లలను తిరిగి బడిలో చేర్చుకోమన్నారు. మన సంప్రదాయం, మన తత్త్వం, మన రాజ్యాంగం మూడూ సహనాన్నే నేర్పుతాయని, దాన్ని పలచన చేయవద్దని ఆ తీర్పు ముగుస్తుంది. 2016 నవంబరులో సినిమా హాళ్లలో గీతం వేయడం తప్పనిసరి చేస్తూ సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు 2018 జనవరిలో ఐచ్ఛికంగా మారింది. వేయాలా వద్దా అన్నది హాలు వారి ఇష్టం. వేస్తే మాత్రం లేచి నిలబడాలి.

2022 జిల్లాల విభజనలో మదనపల్లె చిత్తూరు నుంచి విడిపోయింది. 1919లో మాత్రం అది చిత్తూరు జిల్లాలోనిదే. ఈసారి జెండా పండుగకు మాట్లాడే ఉపాధ్యాయులకు నా విన్నపం ఒకటే: పాట ఇక్కడ పుట్టిందని చెప్పే బదులు, భోజనాల తర్వాత పాడుకునే ఆ రాత్రి సంగతి, మార్గరెట్ రాసుకున్న స్వరాల సంగతి పిల్లలకు చెప్పండి. చెప్పాక నాలుగో చరణం కూడా చదివి వినిపించండి.